హెచ్‌టీఎంఎల్ ట్యాగులు ఎన్ని నేర్చుకోవాలి, ఎలా ఎంచుకోవాలి: మామిడి మండీ పేజీ రాస్తున్న తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం, దామలచెరువులో మీ మామయ్యకు మామిడి మండీ, ఆయన "మన మండీకి ఒక వెబ్ పేజీ చేసి పెట్టురా" అన్నాడు. వీడియోలు చూసి, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఒకటి కట్టావు. పేజీ వస్తోంది గానీ తెలుగు కొన్నిచోట్ల పిచ్చి అక్షరాలుగా కనిపిస్తోంది. మూడు విషయాలు అడిగావు: ట్యాగులు ఎన్ని బట్టీ పట్టాలి, అన్నీ డివ్ అనే ఒక్క ట్యాగుతోనే కడితే తప్పేమిటి, తెలుగు ఎందుకు చెడిపోతోంది. మూడింటికీ చెప్తాను. వరస మాత్రం కొంచెం మారుస్తాను, నువ్వు పెట్టిన కోడ్ చూశాక ఏది ముందు చెప్పాలో తెలిసింది.

చదివే ముందు ఒక మాట. ట్యాగుల పేర్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. ఫైల్లో వాటిని ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో కొట్టు. ట్యాగు అంటే పేరుకు ముందు లెస్ దేన్ గుర్తు, తర్వాత గ్రేటర్ దేన్ గుర్తు. కీబోర్డు మీద షిఫ్ట్ పట్టుకుని కామా, ఫుల్‌స్టాప్ నొక్కితే వచ్చేవి అవే. మూసే ట్యాగులో పేరుకు ముందు ఒక స్లాష్ చేరుతుంది. తెరిచే ట్యాగు, మధ్యలో విషయం, మూసే ట్యాగు, ఈ మొత్తాన్ని కలిపి ఎలిమెంట్ అంటారు. తెరిచే ట్యాగులో పేరు పక్కన రాసే అదనపు వివరాన్ని యాట్రిబ్యూట్ అంటారు: దాని పేరు, ఈక్వల్ గుర్తు, కోట్స్ మధ్య విలువ. వ్యాకరణం అంతా ఇంతే. ఇది ఒక్క పూటలో వచ్చేస్తుంది. కష్టమంతా ఏ ముక్కకు ఏ ట్యాగు వాడాలన్న దగ్గరే.

హెచ్‌టీఎంఎల్ చేసేది ఒకటే పని: ఈ ముక్క ఏమిటో చెప్పడం. ఇది హెడ్డింగు, ఇది పేరా, ఇది జాబితా, ఇది వేరే చోటికి లింకు. ఎంత పెద్దగా ఉండాలి, ఏ రంగులో ఉండాలి, ఎంత ఎడం వదలాలి అన్నవి సీఎస్ఎస్ అనే మరో భాష చూసుకుంటుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తుంటే ఎప్పుడైనా పక్కన నిలబడి చూడు. బెల్లం, ఇనుము పులియబెట్టి తీసిన నలుపుతో ముందు గీతలన్నీ గీసేస్తారు. ఒక్క చుక్క రంగు పడకముందే ఇది రథం, ఇది గుర్రం, ఇది విల్లు అని తెలిసిపోతుంది. హెచ్‌టీఎంఎల్ ఆ గీత, సీఎస్ఎస్ ఆ తర్వాతి రంగు. నువ్వు రంగుతో మొదలుపెట్టావు, అక్కడే చిక్కు వచ్చింది. "ఇది పెద్దగా, లావుగా కనిపించాలి, ఏం ట్యాగు వాడాలి?" అని రాశావు. అడగాల్సింది "ఇది ఏమిటి?" అని. మండీ పేరు ఈ పేజీకి పెద్ద హెడ్డింగు, కాబట్టి హెచ్1. సైజు సంగతి తర్వాత.

బట్టీ సంగతి చెప్తాను. హెచ్‌టీఎంఎల్‌లో ఇప్పుడు నూటికి పైగా ఎలిమెంట్లు ఉన్నాయి, కానీ నీ పేజీకి పాతిక చాలు. వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1991లో జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తూ విడుదల చేసిన మొదటి జాబితాలో ఉన్నవి 18 మాత్రమే. హెడ్డింగులు, పేరా, జాబితా, లింకు ఆ రోజే అందులో ఉన్నాయి, ఇవాళ నువ్వు వాడేవీ అవే. సెర్న్ వాళ్ళ ఆ తొలి వెబ్ పేజీ ఇప్పటికీ నీ ఫోన్లో తెరుచుకుంటుంది. ముప్పై ఏళ్ళు దాటినా నిలబడిన చదువు ఇది, అందుకే దీన్ని తొందరగా దాటేసి జావాస్క్రిప్ట్‌కు పరిగెత్తవద్దని గట్టిగా చెప్తాను. బొమ్మ పెట్టే ట్యాగు ఆ 18లో లేదు, దాన్ని 1993లో మార్క్ ఆండ్రీసన్ ప్రతిపాదించాడు. రంగులు, సైజులు మార్చే ఫాంట్ ట్యాగు ఆ తర్వాత మధ్యలో వచ్చి చేరి, ప్రమాణాల్లోంచి మళ్ళీ బయటికి పోయింది. సెంటర్ ట్యాగుదీ అదే గతి. అక్షరాల్ని పరిగెత్తించే మార్క్యూ ట్యాగైతే ప్రమాణాల్లో ఎప్పుడూ చేరనే లేదు. మన వైపు పేజీల్లో అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరిగెత్తడమంటే ఇప్పటికీ చాలా ఇష్టం. నువ్వూ "మామిడి సీజన్ ప్రారంభం" అని ఒకటి పరిగెత్తించావు. తీసెయ్. చదివేవాడి కళ్ళ ముందు నుంచి అక్షరాన్ని లాగేసుకోకూడదు.

ఇక నీ ఫైలు. మొదటి వరసలో డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ ఉంది, మంచిది. అది లేకపోతే బ్రౌజర్ పాతకాలపు పేజీల కోసం దాచుకున్న పద్ధతిలోకి వెళ్ళిపోయి, సీఎస్ఎస్ కొలతల్ని కొన్నిచోట్ల వేరేగా లెక్క కడుతుంది. దాని అర్థం గురించి తల బద్దలు కొట్టుకోనక్కర లేదు, ఆ ఒక్క వరస ఎప్పుడూ అక్కడ ఉంటే చాలు.

రెండో వరసలో లాంగ్ అనే యాట్రిబ్యూట్‌కు "ఈఎన్" అని ఉంది. వీఎస్ కోడ్‌లో ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే వచ్చే నమూనాలో అది అట్లాగే వస్తుంది, అందరూ అట్లాగే వదిలేస్తారు. దాన్ని "టీఈ" చెయ్. ఇది తెలుగు పేజీ అని బ్రౌజర్‌కు, గూగుల్‌కు, పేజీని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు చెప్పేది ఆ రెండు అక్షరాలే. "ఈఎన్" అని ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి తడబడుతుంది. పేజీ మధ్యలో ఒక ఇంగ్లీషు వాక్యం వస్తే దాని ఎలిమెంట్‌కు మాత్రం లాంగ్ "ఈఎన్" అని పెట్టుకోవచ్చు.

అదే నమూనాలో టైటిల్ దగ్గర "డాక్యుమెంట్" అని ఉంటుంది. నీ పేజీలోనూ అదే ఉంది. బ్రౌజర్ ట్యాబ్ మీద, బుక్‌మార్కులో కనిపించేది ఆ మాటే, గూగుల్ ఫలితాల్లోనూ చాలాసార్లు దాన్నే చూపిస్తారు. ఎవరైనా "దామలచెరువు బెంగళూరా కాయలు" అని వెతికితే "డాక్యుమెంట్" అనే పేరు మీద ఎందుకు నొక్కుతారు? మండీ పేరు, ఊరు, ఏం అమ్ముతారో ఒక్క వరసలో రాయి. టైటిల్ ఉండేది హెడ్ భాగంలో, పేజీ మీద కనిపించదు. పేజీ మీద కనిపించే హెచ్1 వేరు. రెండూ కావాలి.

మెటా వ్యూపోర్ట్ వరస నమూనాలోనే ఉంది, ఉండనీ. అది తీసేస్తే ఫోన్ నీ పేజీని కంప్యూటర్ వెడల్పు ఉందనుకుని కుదించి చీమ తలకాయంత అక్షరాలతో చూపిస్తుంది.

ఇప్పుడు తెలుగు చెడిపోవడం. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మన దగ్గర పేజీలు రాసేవాళ్ళు దాదాపు అందరూ ఇక్కడ పడేవాళ్ళే. "పిచ్చి అక్షరాలు" అని అందరూ ఒకటే మాట అంటారు. కానీ అవి నాలుగు రకాలు, నాలుగింటికీ కారణాలు వేరు. ఏ రకమో చూస్తే మందు వెంటనే తెలుస్తుంది.

ఇంగ్లీషు మొదటి అక్షరం "ఏ" నెత్తిన చిన్న వాలుగీత, పక్కనే ఉష్ణోగ్రతకు పెట్టే డిగ్రీ సున్నా, లేదా ప్లస్ కింద మైనస్ ఉండే గుర్తు, ఇవే మళ్ళీ మళ్ళీ వస్తుంటే నీ ఫైలు బాగానే ఉంది, బ్రౌజర్ తప్పుగా చదువుతోంది. అక్షరాల్ని ఫైల్లో బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు అన్ని తెలుగు అక్షరాలకూ ఒకటే, రెండోది రెండే రకాలు. ఆ మూడు బైట్లనూ మూడు విడి ఇంగ్లీషు అక్షరాలుగా చదివితే ప్రతి తెలుగు అక్షరం చోట అదే ఏ, అదే డిగ్రీ గుర్తు పడతాయి. మందు: హెడ్ తెరిచిన వెంటనే, టైటిల్ కంటే కూడా ముందు, మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 వరస. ఫైలు మొదటి 1024 బైట్ల లోపల అది ఉండాలన్నది నియమం. నీ ఫైల్లో ఆ వరస ఉంది గానీ పైన చేంతాడంత కామెంటు రాసి దాని కింద పెట్టావు. పైకి జరుపు.

చతురస్రపు డబ్బాలు కనిపిస్తే అక్షరం సరిగ్గానే చేరింది, చూపించడానికి ఆ మెషీన్లో తెలుగు ఫాంట్ లేదు. ఇప్పటి ఫోన్లలో ఇది అరుదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, సీఎస్ఎస్‌లో తగిలిస్తే సరిపోతుంది.

వరసగా ప్రశ్నార్థకాలు వస్తే అది బాధపడాల్సిన రకం. పాత నోట్‌ప్యాడ్‌లో ఏఎన్ఎస్ఐ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తే తెలుగు అక్షరాలకు అందులో చోటు లేక ప్రతిదాన్నీ ప్రశ్నార్థకంగా మార్చేస్తుంది. ఒకసారి అట్లా సేవ్ అయితే ఆ ఫైల్లోంచి అక్షరం వెనక్కి రాదు, మళ్ళీ కొట్టుకోవాల్సిందే. 2019 తర్వాతి విండోస్ 10 నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తుంది. కాలేజీ ల్యాబులో పాత మెషీన్ దొరికితే సేవ్ యాజ్ పెట్టెలో ఎన్‌కోడింగ్ ఏముందో చూసుకో.

నాలుగోది నీది. మండీ గురించిన పరిచయం పేరా ఒక్కటే చెడింది, మిగతా తెలుగు బాగుంది అన్నావు. ఆ పేరాలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, కొక్కేలు, కామాలు పొంతన లేకుండా ఉన్నాయి. అది మీ మామయ్య కరపత్రం కోసం డీటీపీ షాపులో కొట్టించిన మ్యాటర్ అయ్యుండాలి. అను ఫాంట్లలో కొట్టి ఉంటారు. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు, అంటే ప్రతి భాష అక్షరానికీ విడి సంకేతం ఇచ్చే ప్రమాణాన్ని అవి పాటించవు. అందులో ఫైల్లో నిజంగా ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటి మీద తెలుగు ఆకారాలు గీసి ఉంటాయి. పేజ్‌మేకర్‌లో ఆ ఫాంట్ ఉన్నంతసేపు తెలుగే. అక్కడి నుంచి కాపీ చేసి తెస్తే ఆకారం అక్కడే ఉండిపోయి సంకేతం ఒక్కటే వస్తుంది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు చేసే షాపుల్లో ఈ పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది, అచ్చుకు వాళ్ళ పని సరిగ్గానే ఉంటుంది. కానీ వెబ్‌కు యూనికోడ్ తెలుగు కావాలి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి, మార్చాక ఒత్తులు, సున్నలు ఒకసారి కళ్ళతో సరిచూసుకో. నీది పది వరసలే కాబట్టి ఫోన్లో తెలుగు కీబోర్డుతో కొట్టుకోవడం ఇంకా త్వరగా అయిపోతుంది. ఆ వరసల్ని పీఎన్‌జీ బొమ్మగా మార్చి పెట్టేస్తే సరిపోదా అని అడిగావు. సరిపోదు. ఎందుకో చెప్తాను, నీ డివ్‌ల ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

తిరుపతిలో నా దగ్గరికి కంప్యూటర్ నేర్చుకోవడానికి చూపు లేని డిగ్రీ అబ్బాయి ఒకడు వచ్చేవాడు. ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. దాంతో వాడు నాకంటే వేగంగా పేజీలు తిరిగేవాడు. హెచ్ నొక్కితే తర్వాతి హెడ్డింగుకు దూకుతుంది, కే నొక్కితే తర్వాతి లింకుకు, టీ నొక్కితే టేబుల్‌కు. ఒకరోజు పరీక్ష ఫీజు నోటీసు చూడాలని ఒక పేజీ తెరిచాడు. హెచ్ నొక్కాడు, హెడ్డింగు లేదంది. మళ్ళీ నొక్కాడు, లేదంది. కింది బాణం నొక్కుతూ పోయాడు. ఒక చోట "గ్రాఫిక్" అని, ఆ వెంటనే స్కానర్ పెట్టిన ఫైలు పేరులోని అంకెలు గడగడా చదివి ఆగిపోయింది. నోటీసు మొత్తం స్కాన్ చేసిన బొమ్మ. ఆఖరి తేదీ ఎప్పుడో నేను చూసి చెప్పాల్సి వచ్చింది. వాడు స్వయంగా చదువుకోగలిగిన సంగతి అది. ఆ పేజీ పైకి అందంగానే ఉంది, పెద్ద అక్షరాల్లో "నోటీసు బోర్డు" అని కూడా ఉంది. అది కూడా డివ్‌కు సీఎస్ఎస్‌తో సైజు పెంచి చేసిన పెద్ద అక్షరమే. కంటికి హెడ్డింగు, ఎన్‌వీడీఏకు ఏమీ కాదు.

డివ్‌కు, స్పాన్‌కు అర్థం లేదు. వాటిని చేసిందే అందుకు: ఏ అర్థమూ చెప్పకుండా కొన్ని ముక్కల్ని ఒకచోట చుట్టి పెట్టుకోవడానికి, సీఎస్ఎస్ తగిలించుకోవడానికి. డివ్ వాడటం తప్పు కాదు. అర్థం ఉన్న ట్యాగు ఉండి కూడా డివ్ వాడటం తప్పు. నీ కోడ్‌లో "హెడర్", "మెనూ", "ఫుటర్" అని క్లాసు పేర్లు (సీఎస్ఎస్ తగిలించడానికి మనం పెట్టుకునే పేర్లు) పెట్టిన డివ్‌లు ఉన్నాయి. నీ ఒక్కడి అలవాటు కాదది. 2005లో గూగుల్‌లో ఉన్న ఇయాన్ హిక్సన్ వంద కోట్లకు పైగా పేజీలు పరిశీలిస్తే జనం పెట్టుకున్న క్లాసు పేర్లలో ఫుటర్, మెనూ లాంటివే ముందు వరసలో కనిపించాయి. హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం 2014 అక్టోబరులో ఖరారయ్యేసరికి హెడర్, న్యావ్, మెయిన్, ఆర్టికల్, సెక్షన్, ఫుటర్ అసలు ఎలిమెంట్లుగానే వచ్చేశాయి. నువ్వు క్లాసులో రాసుకున్న పేరునే ట్యాగుగా రాస్తే చాలు. మెనూకు మాత్రం న్యావ్. పేజీలో అసలు విషయం ఉన్న భాగానికి మెయిన్, అది పేజీకి ఒక్కటే.

హెడ్డింగులు హెచ్1 నుంచి హెచ్6 దాకా ఆరు. అవి సైజులు కావు, విషయంలో మెట్లు. మండీ పేరు హెచ్1. దాని కింద "మా దగ్గర దొరికే రకాలు", "ఎలా రావాలి", "మాట్లాడాలంటే" అన్నవి హెచ్2లు. రకాల కింద బేనిషా, బెంగళూరా, నీలం గురించి విడివిడిగా రాస్తే అవి హెచ్3లు. హెచ్1 అక్షరం మరీ పెద్దగా ఉందని నువ్వు హెచ్4తో మొదలుపెట్టావు. హెచ్1 పెట్టి సీఎస్ఎస్‌లో సైజు తగ్గించుకో. అదే చోట లైన్ హైట్, అంటే వరస ఎత్తు, 1.6 దాటి పెట్టు. ఇంగ్లీషు వాళ్ళ లెక్క 1.2 పెడితే మన ఒత్తులు కింది వరస తలకట్టుకు తగులుకుంటాయి.

లావు అక్షరాలకు స్ట్రాంగ్, బీ అని రెండున్నాయి. ముఖ్యమైన మాటైతే స్ట్రాంగ్, "సెలవు: ఆదివారం" లాంటిది. ఊరికే కంటికి ఆనడానికైతే బీ. ఈఎం, ఐ రెండూ అక్షరాన్ని పక్కకు వాలుస్తాయి. తెలుగు లిపికి వాలు అక్షరాల సంప్రదాయం లేదు, బ్రౌజర్ బలవంతంగా వంచితే గుండ్రటి అక్షరం నలిగినట్టు కనిపిస్తుంది. నొక్కి చెప్పాల్సిన మాటకు ఈఎం వాడి, సీఎస్ఎస్‌లో వాలు తీసేసి రంగు పెట్టుకో.

పేరా దగ్గర అందరికీ ఎదురయ్యేది నీకూ ఎదురైంది. నోట్‌ప్యాడ్‌లో నాలుగుసార్లు ఎంటర్ కొట్టినా పేజీలో అంతా ఒకే వరసలో వచ్చిందన్నావు. ఫైల్లో ఎన్ని ఖాళీలు, ఎన్ని ఎంటర్లు ఉన్నా బ్రౌజర్ వాటిని ఒక్క ఖాళీగా చూస్తుంది. పేరా మారిందని చెప్పాలంటే పీ ట్యాగు. ఎడం కోసం బీఆర్ మీద బీఆర్ కొట్టుకుంటూ పోవద్దు. బీఆర్ అంటే ఇక్కడ వరస తెగాలి అని, అడ్రసులో డోర్ నంబరు తర్వాత వీధి పేరు వచ్చినట్టు, పద్యంలో పాదం విరిగినట్టు. బీఆర్, హెచ్ఆర్, ఐఎంజీ, ఇన్‌పుట్, మెటా, వీటిలోపల పెట్టేందుకు ఏమీ ఉండదు కాబట్టి మూసే ట్యాగు లేదు.

నీ కోడ్‌లో నాకు అన్నిటికంటే పాఠంగా తోచినది జాబితా. "మా దగ్గర దొరికే రకాలు" అని పీ తెరిచి, దాన్ని మూయకుండా లోపలే జాబితా ట్యాగు యూఎల్ పెట్టి, రకానికొకటి చొప్పున మూడు ఎల్ఐలు రాసి, యూఎల్ మూసి, చివర పీ మూశావు. చూడటానికి పద్ధతిగానే ఉంది. సీఎస్ఎస్‌లో పీకి లేత పసుపు రంగు, చుట్టూ ప్యాడింగ్ (లోపలి ఎడం) పెట్టావు. పేరా పసుపు పచ్చగా వచ్చింది, జాబితాకు రంగు రాలేదు, జాబితా కింద ఎక్కడి నుంచో ఒక ఖాళీ పసుపు పట్టీ వచ్చింది. ఎందుకో తెలియక జాబితాకు మైనస్ మార్జిన్లు పెట్టి తంటాలు పడ్డావు. జరిగింది ఇది: పేరా లోపల జాబితా ఉండకూడదన్నది నియమం. యూఎల్ కనిపించగానే బ్రౌజర్ "పేరా ఇక్కడితో అయిపోయింది" అనుకుని నీ తరఫున పీని మూసేస్తుంది. కాబట్టి జాబితా పేరాకు బయట పడింది, రంగు తగల్లేదు. చివర నీ మూసే పీ వచ్చేసరికి మూయడానికి తెరిచిన పీ లేదు. అప్పుడు బ్రౌజర్ అక్కడ ఒక ఖాళీ పేరా పుట్టించి దాన్ని మూస్తుంది. ఆ ఖాళీ పేరాకు నీ ప్యాడింగ్, నీ పసుపు రంగు తగిలి పట్టీ అయింది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి ఎలిమెంట్స్ భాగం చూడు, నువ్వు రాయని ఆ ఖాళీ పీ అక్కడ కళ్ళకు కనిపిస్తుంది. కంట్రోల్ యూ నొక్కితే నువ్వు రాసింది, ఎఫ్12లో బ్రౌజర్ అర్థం చేసుకున్నది. రెండూ ఎక్కడ తేడా పడ్డాయో చూడటం నేర్చుకుంటే సగం సందేహాలు ఎవర్నీ అడక్కుండానే తీరిపోతాయి. హెచ్‌టీఎంఎల్ తప్పు రాస్తే ఎర్రర్ చూపించదు, తనకు తోచినట్టు సర్దేసి చూపిస్తుంది. కొత్తవాళ్ళు దారి తప్పేది ఆ సర్దుబాటు వల్లే.

యూఎల్ అంటే వరస ముఖ్యం కాని జాబితా, ఓఎల్ అంటే వరస ఉన్నది. మామిడి రకాలు యూఎల్. "పాకాల నుంచి మండీకి ఎలా రావాలి" అన్న మెట్లు ఓఎల్. రెండింటిలోనూ నేరుగా ఉండాల్సింది ఎల్ఐలే. జాబితా లోపల జాబితా కావాలంటే దాన్ని ఒక ఎల్ఐ లోపల పెట్టాలి.

లింకుకు వాడేది ఇంగ్లీషు "ఏ" ఒక్క అక్షరమే పేరైన ట్యాగు, దారి చెప్పేది హెచ్-ఆర్-ఈ-ఎఫ్ అనే యాట్రిబ్యూట్. మీ మామయ్య పేజీలో అన్నిటికంటే పనికొచ్చే లింకు ఫోన్ నంబరు. హెచ్‌రెఫ్‌లో టెల్, కోలన్, ప్లస్ 91, ఖాళీలు లేకుండా నంబరు రాస్తే, ఫోన్లో దాన్ని తాకగానే కాల్ చేసే తెర వస్తుంది. ఇక "ఇక్కడ నొక్కండి" అని మూడు చోట్ల లింకులు పెట్టావు. ఎన్‌వీడీఏ వాడేవాళ్ళు పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా తెచ్చుకుని వింటారు. వాళ్ళకు "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అని వినిపిస్తుంది. "మండీకి దారి మ్యాప్‌లో చూడండి" అని లింకు మాటలోనే విషయం చెప్పెయ్.

బొమ్మకు ఐఎంజీ. ఎస్ఆర్‌సీ అంటే బొమ్మ ఎక్కడుందో, ఏఎల్‌టీ అంటే బొమ్మ కనిపించనప్పుడు చదవాల్సిన మాట. "ఫోటో" అని రాయడం దండగ. "బుట్టల్లో పేర్చిన బెంగళూరా కాయలు, వెనక లారీ" అని రాస్తే చూపు లేనివాడికీ, నెట్ రాక బొమ్మ దిగని వాడికీ విషయం అందుతుంది. అలంకారానికి పెట్టిన ఆకు బొమ్మకైతే ఏఎల్‌టీని ఖాళీ కోట్స్‌తో వదిలెయ్, యాట్రిబ్యూట్‌నే తీసెయ్యొద్దు. తీసేస్తే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు ఫైలు పేరు చదువుతుంది. వెడల్పు, ఎత్తు కూడా రాయి, లేకపోతే బొమ్మ దిగేలోపు కింద ఉన్న అక్షరాలు ఎగిరెగిరి పడతాయి. ఫోన్లో తీసిన ఫోటో అట్లాగే ఎక్కించావు, ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు. చిన్నది చేసి ఎక్కించు.

పేరాను బొమ్మగా పెట్టవద్దన్నది ఇప్పుడు నీకే అర్థమై ఉంటుంది. బొమ్మలోని అక్షరాన్ని పైకి చదివించలేవు, కాపీ చేయలేవు, ఫోన్లో పెద్దది చేస్తే మసక బారుతుంది.

ధరల పట్టీకి టేబుల్ వాడావు, సరైనదే, అడ్డం నిలువు లెక్క ఉన్నది టేబులే. పై వరసలో "రకం", "ఎప్పుడు వస్తుంది", "అమ్మే లెక్క" అన్నవి టీడీలుగా, అంటే మామూలు గడులుగా ఉన్నాయి, వాటిని తల గడి ట్యాగు టీహెచ్ చెయ్, స్కోప్ అనే యాట్రిబ్యూట్‌కు "కాల్" అని ఇవ్వు. అప్పుడు ఎన్‌వీడీఏ "ఎప్పుడు వస్తుంది, మే నెల" అని తల పేరుతో కలిపి చదవగలదు. పేజీ మొత్తాన్ని ఎడమ భాగం, కుడి భాగం అని టేబుల్‌తో విడగొట్టావు చూడు, అది మాత్రం తీసెయ్. ఆ పని ఇప్పుడు సీఎస్ఎస్ ఫ్లెక్స్, గ్రిడ్ చేస్తాయి.

ఆర్డరు ఫారం నింపి నొక్కితే ఏమీ కాలేదన్నావు. హెచ్‌టీఎంఎల్ ఫారం చూపించగలదు, బ్రౌజర్ చేత పంపించగలదు. అవతల అందుకుని దాచిపెట్టడానికి ఒక సర్వరు, దాని మీద ప్రోగ్రాము ఉండాలి. అది తర్వాతి చదువు. ఇప్పటికి ఫారం తీసేసి ఫోన్ లింకు ఉంచు, మండీ వ్యాపారం ఎట్లాగూ ఫోన్ మీదే నడుస్తుంది. ఫారం అలవాటు చేసుకోవాలంటే రెండు గుర్తుంచుకో: ప్రతి ఇన్‌పుట్‌కు ఒక లేబుల్ ఉండాలి, లేబుల్‌లోని ఫర్ విలువ, ఇన్‌పుట్‌లోని ఐడీ ఒకటే కావాలి. ఫోన్ నంబరు అడిగే ఇన్‌పుట్‌కు టైప్ "టెల్" పెడితే ఫోన్లో అంకెల కీబోర్డు దానంతట అదే వస్తుంది.

నేర్చుకునే పద్ధతి ఒకటి చెప్తాను. నీ సీఎస్ఎస్ ఫైలు లింకును తాత్కాలికంగా తీసెయ్. రంగుల్లేకుండా, తెల్ల కాగితం మీద నల్ల అక్షరంగా పేజీ చూడు. అప్పుడు కూడా ఏది హెడ్డింగు, ఏది జాబితా, ఏది లింకు అని తెలుస్తుంటే నీ హెచ్‌టీఎంఎల్ సరిగ్గా ఉంది. అంతా ఒక ముద్దలా కనిపిస్తే అక్కడ అర్థం లేని ట్యాగులు ఉన్నట్టు. ఆ తర్వాత వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వాళ్ళ వాలిడేటర్‌లో, అంటే తప్పులు పట్టే పేజీలో, ఫైలు పెట్టు. మూయని ట్యాగులు, పేరాలో దూరిన జాబితాలు, లేని ఏఎల్‌టీలు వరస నంబరుతో సహా చెప్తుంది. ఒక ట్యాగు గురించి సందేహం వస్తే మొజిల్లా వాళ్ళ ఎండీఎన్ సైటు చూడు. వీడియోల్లో సగం ఇంకా పాత ఫాంట్ ట్యాగు దగ్గరే ఉన్నాయి.

గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టాలనుకుంటున్నావు, మంచి ఆలోచన. ఎక్కించే ముందు ఫైలు పేర్లు చూసుకో. మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ కావాలి. నోట్‌ప్యాడ్ ఒక్కోసారి దాని చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, అది కంటికి కనిపించదు, విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టి చూడు. రెండు బొమ్మలకు ఎస్ఆర్‌సీలో సీ డ్రైవ్ నుంచి మొదలయ్యే దారి రాశావు. ఆ దారి నీ కంప్యూటర్లోనే ఉంటుంది, ఊళ్ళో ఇంకెవరికీ ఆ బొమ్మ రాదు. బొమ్మల్ని పేజీ పక్కనే ఒక ఫోల్డర్లో పెట్టి ఆ ఫోల్డరు పేరు, స్లాష్, ఫైలు పేరు రాయి. విండోస్‌కు పెద్ద అక్షరాల జేపీజీ అయినా చిన్న అక్షరాల జేపీజీ అయినా ఒకటే, గిట్‌హబ్ పేజెస్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. ఇంట్లో కనిపించిన బొమ్మ ఎక్కించాక మాయమైతే ముందు చూడాల్సింది అదే. పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, ఖాళీ కావాల్సిన చోట చిన్న గీత పెట్టి మార్చుకుని అప్పుడు ఎక్కించు.